డబ్బు లేనప్పుడు తొందరెందుకు?

చిన్న బడ్జెట్‌లో సినిమా తీయాలని వచ్చేవాళ్లు నన్ను మొట్టమొదట అడిగేది "ఎంతలో అయిపోతుంది?" అని. ఎక్కువగా ఇలాంటి సినిమాలకే ఎడిటింగ్ చేస్తుంటాను కాబట్టి ఆ లెక్క నాకు తెలిసి ఉంటుందని వాళ్ల నమ్మకం. నేను తిరిగి ఇంకోటి అడుగుతాను. "షూటింగ్‌కి ముందు ఎన్ని నెలలు పెట్టుకున్నారు? తర్వాత ఎన్ని నెలలు?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. షూటింగ్ ఎన్ని రోజులో తెలుసు, కెమెరా అద్దె తెలుసు, పోస్టర్ ఎలా ఉండాలో కూడా మనసులో ఉంటుంది. ఆ ముందూ ఆ తర్వాతా మాత్రం ఖాళీ.

పెద్ద సినిమా తొందరపడటానికి కారణాలున్నాయి. యూనిట్ అంతా ఒకచోట చేరాక ఒక్క రోజు వృథా అయినా నష్టం మామూలుగా ఉండదు. తెచ్చిన అప్పుకి వడ్డీ పెరుగుతుంటుంది, హీరో డేట్లు అయిపోతుంటాయి, రిలీజ్ తేదీ తరుముకొస్తుంటుంది. డబ్బు లేని సినిమాకి ఇవేవీ లేవు. దాని కోసం ఎవరూ ఎదురుచూడట్లేదు. వినడానికి బాధగానే ఉన్నా, పని చేసుకునేవాళ్లకి ఇంతకు మించిన వెసులుబాటు ఉండదు. ఒక సీన్‌ని నెలల తరబడి దిద్దుకునే అవకాశం పెద్ద నిర్మాత దగ్గర పనిచేసే దర్శకుడికి దొరకడం చాలా కష్టం. మనకి అది ఊరికే దొరుకుతోంది. అలాంటిదాన్ని పక్కన పడేసి, పెద్ద సినిమా షెడ్యూల్‌నే కుదించి రెండు వారాల్లో ముగించేయాలని చూడటం నాకు మింగుడుపడదు. చేతిలో ఉన్న ఒకే ఒక్క ఆస్తిని ముందే వదిలేసుకుని, లేనిదాని గురించి దిగులుపడటమేగా అది!

ఈ తొందరకి సగం కారణం మనమంతా విని విని నమ్మేసిన అంకెలు. రాబర్ట్ రోడ్రిగ్జ్ 'ఎల్ మరియాచి' సినిమాని దాదాపు 7,000 డాలర్లతో, 14 రోజుల్లో తీశాడు. ఆ డబ్బులో కొంత ఒక కొత్త మందు ప్రయోగానికి తన ఒంటిని అప్పగించి సంపాదించుకున్నాడు. ఇదంతా నిజమే. కానీ థియేటర్‌లో జనం చూసింది 7,000 డాలర్ల సినిమా కాదు. కొలంబియా పిక్చర్స్ దాన్ని తీసుకున్నాక ఫిల్మ్ మీదికి ఎక్కించడానికి, సౌండ్ మళ్లీ మిక్స్ చేయించడానికి, ఇంకా మిగిలిన పనులకి కలిపి దాదాపు 2 లక్షల డాలర్లు పెట్టింది. ప్రచారానికి పెట్టింది దానికి ఎన్నో రెట్లు. ఈ రెండో సగం ఎవరూ చెప్పరు. ఆ 14 రోజుల వెనక ఏముందో కూడా చెప్పరు. అతను చిన్నప్పటి నుంచి వీడియో కెమెరాతో లెక్కలేనన్ని చిన్న సినిమాలు తీసి, తనే ఎడిట్ చేసుకుంటూ పెరిగినవాడు. యూనిట్ అంటూ ఎవరూ లేకుండా కెమెరా తనే పట్టుకున్నాడు. స్నేహితుడి ఊళ్లో చేతికందే వస్తువులూ చోట్లూ ముందే లెక్కేసుకుని, వాటి చుట్టూ కథ అల్లాడు. 14 రోజులనేది ఒక సుదీర్ఘమైన పనిలో బయటికి కనిపించే ముక్క.

'పారానార్మల్ యాక్టివిటీ' సంగతీ అంతే. 15,000 డాలర్లు, 7 రోజుల షూటింగ్ అని చెప్పుకుంటారు. ఆ 7 రోజుల ముందు దర్శకుడు ఒరెన్ పెలి తన సొంత ఇంటిని షూటింగ్‌కి సిద్ధం చేయడానికే దాదాపు ఏడాది తీసుకున్నాడు. గోడలకి రంగులు మార్చాడు, ఫర్నిచర్ తెచ్చాడు, కింద కార్పెట్ వేయించాడు, మెట్లకి చేతికమ్మీ కట్టించాడు. ఆ ఇంట్లో ఏ మూల కెమెరా పెడితే తలుపు ఎంత కనిపిస్తుందో అతనికి తెలిసినంతగా ఏ ఆర్ట్ డైరెక్టర్‌కీ తెలిసే అవకాశం లేదు. ఒక సెట్ మీద ఏడాది కూర్చోనిచ్చే నిర్మాత ఎక్కడైనా ఉంటాడా?

ముందు పెట్టే సమయంలో నేను అన్నిటికన్నా ఎక్కువ విలువిచ్చేది రిహార్సల్‌కి. క్రిస్టఫర్ నోలన్ మొదటి సినిమా 'ఫాలోయింగ్' 16 ఎంఎం బ్లాక్ అండ్ వైట్‌లో తీసింది. ఖర్చు దాదాపు 6,000 డాలర్లు. అందరికీ ఉద్యోగాలుండటంతో ఏడాది పాటు శనివారాలు మాత్రమే షూటింగ్ చేశారు. అసలు ఖర్చంతా ఫిల్మ్ స్టాక్‌దే కాబట్టి ప్రతి సీనూ ముందే బాగా రిహార్సల్ చేసుకుని ఒకటి రెండు టేకుల్లో ముగించేవాళ్లు. లైట్లు కూడా పెద్దగా వాడలేదు, కిటికీలోంచి వచ్చే వెలుతురుతో సరిపెట్టారు. ఇప్పుడు మెమరీ కార్డులు వచ్చాయి, ఎన్ని టేకులైనా తీసుకోవచ్చు, రిహార్సల్ దేనికి అంటారు కొందరు. కార్డు చవకే. కానీ ఆ టేకులు తీసే గంటలు చవక కాదు.

ఇద్దరు మనుషులు బల్ల దగ్గర కూర్చుని మాట్లాడుకునే నాలుగు పేజీల సీన్ ఒకటి అనుకోండి. రిహార్సల్ లేకుండా లొకేషన్‌కి వెళ్తే మొదటి రెండు టేకులూ డైలాగులు గుర్తు తెచ్చుకోవడానికే సరిపోతాయి. నాలుగో టేకులోనో ఐదో టేకులోనో ఆ నటికి ఒకటి తడుతుంది. ఫలానా పేరు వినగానే ఈ మనిషి కూర్చుని ఉండలేదు, లేచి వెళ్లిపోవాలి అని. తడితే అది మంచి ఆలోచనే. కానీ ఆమె లేస్తే తల ఫ్రేమ్ దాటిపోతుంది, లైటు మొహం మీద పడదు, వెనక గోడ మీద స్టాండు నీడ వస్తుంది. అన్నీ మార్చాలి. పొద్దున్న మొదలైన సీన్ భోజనాల వేళకి కూడా తెమలదు. అప్పుడు దర్శకుడు చేసేది ఒకటే, "పర్లేదులే, కూర్చునే చెప్పేయండి" అంటాడు. సినిమాలో ఒక ప్రాణమున్న క్షణం అక్కడికక్కడే పోతుంది. అదే ఆ గదిలోనే, నెల ముందు, చేతిలో ఫోన్ పట్టుకుని నాలుగు సాయంత్రాలు చేసి చూసుకుని ఉంటే ఆమె లేవడం అప్పుడే తేలేది. ఇంకో సంగతి కూడా తేలేది. ఆ సీన్‌కి మొదటి పేజీ అక్కర్లేదని. ఎడిటింగ్ టేబుల్ మీద నేను తరచూ తీసేసేది సరిగ్గా ఈ మొదటి పేజీనే: పలకరింపులు, కుర్చీ లాక్కోవడాలు, విషయంలోకి రాకముందు మాటలు. రిహార్సల్‌లో ఒక పేజీ కొట్టేస్తే పెన్ను ఇంకు ఖర్చు. షూట్ చేశాక కొట్టేస్తే పదిమంది పూటంతా పడ్డ కష్టం బుట్టలోకి.

నేనైతే ఇంకో అడుగు ముందుకెళ్లమంటాను. రిహార్సల్స్‌ని ఫోన్‌లో తీసి, సినిమా మొత్తాన్నీ అలాగే ఒకసారి ఎడిట్ చేసి చూసుకోండి. సౌండ్ బాగోదు, వెలుతురు బాగోదు, నటులు మామూలు బట్టల్లో ఉంటారు. అయినా కథ ఎక్కడ సాగదీసినట్టుందో, ఏ పాత్ర మధ్యలో మాయమైపోయిందో గంటన్నరలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. షూటింగ్ అయ్యాక మొదటిసారి నా దగ్గర ఇది తెలుసుకుని మొహం మాడ్చుకున్న దర్శకుల్ని చూశాను.

స్క్రిప్ట్ గురించి అందరూ చెప్పే మాటే: ఉన్నవాటితో రాసుకోండి. నిజమే, ఎక్కువ చెప్పక్కర్లేదు. ఒక్క ఉదాహరణ మాత్రం చాలా ఇష్టం. కెవిన్ స్మిత్ 'క్లర్క్స్'ని 27,575 డాలర్లతో, తను పనిచేసే దుకాణంలోనే తీశాడు. పగలు దుకాణం నడవాలి కాబట్టి షూటింగ్ రాత్రిళ్లే. కథ మాత్రం పగలు జరుగుతుంది. షట్టర్ తీస్తే బయట చీకటి. దానికి అతను ఏ లైట్లూ అద్దెకి తేలేదు. ఎవరో తాళాల్లో చూయింగ్ గమ్ కుక్కారు, అందుకే ఈరోజు షట్టర్లు తెరుచుకోవట్లేదు అని కథలో ఒక ముక్క పెట్టాడు. ఆ షట్టర్లు ఇప్పుడు ఆ సినిమా స్వభావంలో ఒక భాగం. ఇలాంటిది షూటింగ్ హడావిడిలో తట్టడం కష్టం, రాసుకునేటప్పుడు తీరిగ్గా కూర్చుంటే తడుతుంది.

కెమెరా గురించి ఇంకా తక్కువ చెబుతాను. షాన్ బేకర్ 'టాంజరిన్' సినిమాని మూడు ఐఫోన్ 5ఎస్‌లతో తీశాడు, 2015లో అమెరికాలోని సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ప్రదర్శించారు. ఏ కెమెరా కావాలనే చర్చ అక్కడితో ముగిసిపోవాలి. కానీ దాన్ని ఉదాహరణగా చూపించేవాళ్లు ఒకటి వదిలేస్తారు. ఆ సినిమాలో శబ్దాన్ని ఫోన్‌లో రికార్డ్ చేయలేదు. దానికి విడిగా సరైన పరికరాలు, చేయడం తెలిసిన మనుషులు ఉన్నారు.

శబ్దం దగ్గర నేను కాస్త ఆగాలి. చిన్న సినిమాలని నిజంగా చంపేది ఇదే. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా, గింజలు గింజలుగా ఉన్నా ప్రేక్షకుడు అది కావాలనే చేశారనుకుంటాడు. మాట వినపడకపోతే మాత్రం రెండు నిమిషాల్లో లేచిపోతాడు. తర్వాత డబ్బింగ్ చెప్పించుకుందాంలే అనేది చాలామంది ధీమా. డబ్బింగ్ బాగా చేయాలంటే మంచి స్టూడియో, మంచి ఇంజనీర్, నటుడికి సమయం, ఆ పైన అడుగుల చప్పుడు దగ్గర్నుంచి గ్లాసు పెట్టిన చప్పుడు దాకా అన్నీ కొత్తగా సృష్టించడం. ఇది డబ్బున్నవాళ్లు చేసే పని. నేను ఎడిట్ చేసిన ఒక సినిమాలో తండ్రీకూతుళ్ల గొడవ సీన్ ఉంది. నటించిన అమ్మాయి కెమెరా ముందు నిజంగానే గొంతు పూడుకుపోయి, మాట మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టింది. నేపథ్యంలో ఫ్రిజ్ మోత, పైన ఫ్యాన్ మోత. ఏ సాఫ్ట్‌వేర్ వేసినా మోతతో పాటు ఆ ఊపిరి కూడా పోయింది. కొన్ని నెలల తర్వాత డబ్బింగ్‌కి వచ్చిన ఆ అమ్మాయి పెదాలకి మాటలు సరిగ్గానే కలిపింది. ఆ పూడుకుపోయిన గొంతు మాత్రం రాలేదు. అద్దాల గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నిలబడితే అది ఎలా వస్తుంది!

అందుకే సింక్ సౌండ్ మీద, అంటే షూటింగ్‌లోనే మాటల్ని రికార్డ్ చేయడం మీద ఖర్చు పెట్టండి, అంతకన్నా ముందు దాని మీద సమయం పెట్టండి. లొకేషన్ చూడటానికి వెళ్లినప్పుడు కళ్లు మూసుకుని కాసేపు కూర్చోండి. షూటింగ్ జరిగే వేళకే వెళ్లి కూర్చోండి, ఎందుకంటే ఉదయం ప్రశాంతంగా ఉన్న ఇల్లు సాయంత్రానికి పక్కింటి మోటారుతో, పిల్లల ఆటలతో నిండిపోవచ్చు. షూటింగ్ రోజు ఫ్రిజ్ ఆపేయండి. ఆపినవాడి బండి తాళాలు ఆ ఫ్రిజ్‌లోనే పెట్టించండి. తాళాల కోసం తలుపు తీసినప్పుడు మళ్లీ ఆన్ చేయడం గుర్తొస్తుంది, ఇల్లిచ్చినవాళ్ల సామాను పాడవదు. కిటికీలకి, ఎదురు గోడకి మందపాటి దుప్పట్లు వేలాడదీయండి, గదిలో మాట మారుమోగడం తగ్గుతుంది. ప్రతి లొకేషన్‌లో వెళ్లిపోయే ముందు అందరినీ కదలకుండా నిలబెట్టి ఒక నిమిషం ఖాళీ గది శబ్దాన్ని రికార్డ్ చేయండి. దాన్నే రూమ్ టోన్ అంటారు. ఆ నిమిషం నిలబడటానికి అలిసిపోయిన యూనిట్ విసుక్కుంటుంది. కానీ రెండు షాట్ల మధ్య అతుకు తెలియకుండా నేను దిద్దగలిగేది ఆ నిమిషంతోనే.

ఇక్కడొక అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. సమయం ఉచితం అంటున్నారు, ఎవరి సమయం? దర్శకుడిగా మీ సమయం మీ ఇష్టం. మీ ఉద్యోగం మానకుండా, ఇంటి బాధ్యతలు తప్పించుకోకుండా ఎన్నేళ్లయినా స్క్రిప్ట్ దిద్దుకోండి. కానీ నటుల సమయం, మైకు పట్టుకునేవాడి సమయం మీది కాదు. స్నేహం పేరుతో మనుషుల్ని పద్దెనిమిది గంటలు నిలబెట్టి, దాన్ని త్యాగం అని పొగిడే పద్ధతి నాకు అసహ్యం. పారితోషికం ఇవ్వలేకపోతే కనీసం వేళకి భోజనం, వేళకి ఇంటికి పంపడం, రానూపోనూ ఖర్చు ఈ మూడూ ఇచ్చి తీరాలి. సినిమాకి డబ్బొస్తే ఎవరికెంత వాటా అనేది కాగితం మీద ఉండాలి. బడ్జెట్ చాలకపోతే ఒక సీన్ తగ్గించుకోండి, భోజనం తగ్గించకండి. నేను షూటింగ్ రోజులు తక్కువగా పెట్టుకోమనేది ఇందుకే. తీరికంతా మీ దగ్గరే ఉంచుకోండి. పరాయివాళ్లని పిలిచిన రోజున మాత్రం ఏ షాట్ తర్వాత ఏ షాటో నిమిషాలతో సహా తెలిసి ఉండాలి.

షూటింగ్‌ని నెలల పాటు సాగదీయడంలో ఇంకో ప్రమాదం కూడా ఉంది. సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' షూటింగ్ 1952లో మొదలుపెట్టాడు, సినిమా పూర్తయి విడుదలయ్యింది 1955లో. డబ్బు దొరికినప్పుడు తీయడం, అయిపోతే ఆగిపోవడం. మొదట తీసింది రెల్లు పూల మధ్య అక్క దుర్గ, తమ్ముడు అపుల సీన్. మిగిలిన భాగం తీద్దామని వారం తర్వాత వెళ్లేసరికి పశువులు పూలన్నీ మేసేశాయి. మళ్లీ పూసే కాలం వచ్చేదాకా ఆగాల్సొచ్చింది. ఆ సినిమా పూర్తి కావడానికి మూడు అద్భుతాలు కారణమని రాయ్ తర్వాత చెప్పుకున్నాడు. అపు గొంతు మారకపోవడం, దుర్గ పెద్దదైపోకపోవడం, ముసలావిడ చనిపోకపోవడం. అలాంటి అదృష్టం మీద ప్లాన్ వేసుకోలేం. ముక్కలు ముక్కలుగా తీయక తప్పకపోతే, పెరిగేవీ మారేవీ ముందు తీసేయండి: పిల్లలున్న సీన్లు, చెట్లూ పంటలూ ఉన్న సీన్లు, ఇల్లు ఖాళీ చేస్తామన్నవాళ్ల ఇంట్లో సీన్లు.

కాగితాల పని కూడా ముందు సమయంలోదే. చార్లెస్ బర్నెట్ 'కిల్లర్ ఆఫ్ షీప్'ని 1970ల్లో చదువుకుంటూ, వారాంతాల్లో, 10,000 డాలర్లలోపు తీశాడు. గొప్ప సినిమా. 1990లో అమెరికా నేషనల్ ఫిల్మ్ రిజిస్ట్రీలోకి, అంటే భద్రపరచాల్సిన సినిమాల జాబితాలోకి కూడా తీసుకున్నారు. అయినా థియేటర్లలో మామూలుగా విడుదలయ్యింది 2007లో. కారణం అందులో వాడిన పాటల హక్కులు లేకపోవడం. ఆ హక్కులు తీసుకోవడానికి చివరికి 1,50,000 డాలర్లయ్యాయి, సినిమా తీసినదానికి పదిహేను రెట్లు. తెలిసిన కుర్రాడి చేత కొత్త సంగీతం చేయించుకోండి, దానికీ ఒక అగ్రిమెంట్ రాసుకోండి. నటులు, ఇల్లిచ్చినవాళ్లు, రచనలో చెయ్యేసినవాళ్లు, అందరి సంతకాలూ మొదటి రోజు కెమెరా ఆన్ చేయకముందే ఉండాలి. షూటింగ్ అయ్యాక స్నేహాలు ఎలా ఉంటాయో ఎవరూ చెప్పలేరు. 1968లో వచ్చిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్' విషయంలో డిస్ట్రిబ్యూటర్ టైటిల్ మార్చినప్పుడు పాత టైటిల్ కార్డుతో పాటు కాపీరైట్ ప్రకటన కూడా తీసేశారు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క లైను లేకపోవడంతో సినిమా ఎవరి సొత్తూ కాకుండా పోయింది. కోట్లమంది చూసిన సినిమాని ఎవరు పడితే వాళ్లు అమ్ముకున్నారు.

ఇక తర్వాతి సమయం. 'బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' షూటింగ్ 8 రోజులు. దాదాపు 20 గంటల ఫుటేజ్ వచ్చింది. దాన్ని 82 నిమిషాల సినిమాగా మలచడానికి 8 నెలలకి పైగా పట్టింది. 'ప్రైమర్'ని షేన్ కారుత్ 7,000 డాలర్లతో తీశాడు. వీలైనంత వరకు ఒక్కో షాట్ ఒక్క టేకులోనే తీయడంతో ఎడిటింగ్‌లో ఏరుకోవడానికి ఏమీ మిగల్లేదు. తనే కూర్చుని రెండేళ్లు పోస్ట్ ప్రొడక్షన్ చేశాడు. 2004లో సన్‌డాన్స్ గ్రాండ్ జ్యూరీ బహుమతి వచ్చింది. ఒకరి దగ్గర ఫుటేజ్ ఎక్కువ, ఇంకొకరి దగ్గర మరీ తక్కువ. ఇద్దరూ తొందరపడలేదు.

నా దగ్గరికి వచ్చే సినిమాల్లో ఎక్కువ భాగం ఏదో ఒక ఫెస్టివల్ గడువు చెప్పి "మూడు వారాల్లో ఎడిటింగ్ ముగించి లాక్ చేసేద్దాం" అంటాయి. ఆ ఫెస్టివల్ వచ్చే ఏడాది కూడా ఉంటుంది. మొదటి కట్ తయారయ్యాక నెలరోజులు దాన్ని తెరవకండి. తెరిచాక, మిమ్మల్ని ఎరగని నలుగుర్ని కూర్చోబెట్టి చూపించండి. తెర వైపు కాకుండా వాళ్ల వైపు చూడండి. ఎక్కడ ఫోన్ తీశారో, ఎక్కడ కుర్చీలో సర్దుకున్నారో రాసుకోండి. బాగుందన్న మాట వాళ్ల నోటి నుంచి ఎలాగూ వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. అప్పుడు తెలుస్తుంది ఏ షాట్ తక్కువైందో: ఉత్తరం చదివేటప్పుడు ఒక క్లోజప్, వీధి మలుపులో ఒక వైడ్ షాట్, ఇలాంటివి రెండో మూడో ఉంటాయి. వాటికోసం మొత్తం బడ్జెట్‌లోంచి రెండు రోజుల ప్యాచ్ వర్క్ డబ్బు మొదటి రోజే విడిగా తీసి పెట్టండి, షూటింగ్‌లో ఎంత ఇబ్బంది వచ్చినా అది ముట్టుకోకండి. ఆ రెండు రోజులు రావాలని నటులకి అగ్రిమెంట్‌లోనే చెప్పండి. వాళ్లు తొడుక్కున్న బట్టలు, చెప్పులు, చేతి గడియారాలు అన్నీ పాత్ర పేరు రాసి మూటలు కట్టి మీ ఇంట్లోనే పెట్టుకోండి. అద్దెకి తెచ్చిన బట్టలైతే షూటింగ్ కాకముందే అలాంటివే కొనేసుకోండి.